ఇంగ్రేజు రాజ్యంల నాలుగు దినాల అన్నం

మా జొన్నచేను మీదికెళ్ళి ఇప్పుడు జనం దుబాయి పోతున్నరు, లండన్ పోతున్నరు. శంషాబాదుల విమానాలు ఉరికే ఆ నున్నటి తొవ్వ కింద మా చేను ఉండె. నేను తొంభైకి దగ్గర పడ్డ, విమానం ఎక్కలే. "తాతా, నువ్వు ఎన్నడన్న పరదేశం పోయినవా?" అని మనుమలు ఎక్కిరిస్తరు. పోయిన. మీరు పుట్టకముందే పోయిన. బెజవాడ దాకా.

నవ్వకుండ్రి. అప్పుడు మాది నిజాం రాజ్యం, అది ఇంగ్రేజు రాజ్యం. మా రూపాయి అక్కడ చెల్లదు. రైలు హద్దు దాటేకాడ మా కరోడ్గిరి జవాన్లు, సుంకమోళ్ళు, మూటలు విప్పిచ్చి ఏం తీస్కపోతున్నరో చూసెటోళ్ళు. రూపాయి వేరు, రాజు వేరు, మధ్యల మూటలు విప్పెటోడు ఒకడు. ఇంకేం కావాలె పరదేశానికి?

అక్కడ మా మేనత్త ఉంటది, బాపు చెల్లె. హిమాయత్‌సాగర్ కట్ట కట్టేటప్పుడు రాతిపనికి ఆ దిక్కునుంచి వచ్చిన మేస్త్రి, మా కులపోడే, ఆమెను చేసుకొని తీస్కపోయిండు. పోయేటప్పుడు "నాకు ఆడపిల్ల పుడితే అన్న కొడుక్కే" అని మాటిచ్చి బండి ఎక్కింది. ఆడపిల్ల పుట్టింది. మాట జరంత పాతబడ్డది. పిల్లకు పంతొమ్మిది ఏండ్లొచ్చినయి, వచ్చిన రెండు సంబంధాలు తనే వద్దన్నదని ఉత్తరమొచ్చింది. నాకు ఇరవై రెండు. మూడో జమాత్‌ల బడి ఇడిసిపెట్టిన, బడి కూడ నన్ను ఆపలే. చుట్టుపక్కల ఊర్లల్ల నాకు పిల్లనిచ్చెటోడు లేడు. కారణం నా నోరని అమ్మ అంటది. మేనత్త బిడ్డ కాదంటే ఇగ వీడికి పెండ్లి లేదని ఊరంత ఒక్క మాట మీద ఉండె. మా ఊరు ఒక్క మాట మీద ఉండుడు నేను మళ్ళ చూడలే.

"పో. నాలుగు దినాలు ఉండు. పిల్ల సంగతి నోటితోని అడుగకు" అన్నడు బాపు.

"అడుగకుంటే ఎట్ల తెలుస్తది?"

"ఏం పెడ్తరో చూడు. తెలుస్తది."

మా దిక్కు పద్ధతి గిట్ల ఉండె. పిల్ల కోసం పోతే ఇస్తమని, ఇయ్యమని ఎవ్వరు నోటితోని చెప్పరు. జొన్నరొట్టె పెడితే నువ్వు చుట్టానివి, తిని పో. తెల్లన్నం వండి నెయ్యి పోస్తే అల్లునివి. తెల్లన్నం మాకు పండుగలకు, జరమొచ్చినోళ్ళకు. ఉత్తగ వండుకొని తినే పిచ్చి మాకు లేదు.

అమ్మ ఒక మూట కట్టిచ్చింది. జొన్నపిండి. అత్తకు ఇష్టమట. మైలార్‌దేవ్‌పల్లి దాకా ఎడ్లబండి, అక్కడికెళ్ళి నాంపల్లి దాకా నడక, ఆ పైన రైలు. హద్దుకాడ జవాను నా మూటల మోచేతి దాకా చెయ్యి పెట్టిండు.

"ఇదేంది?"

"పిండి."

"ఎందుకు?"

"పెండ్లికి."

తెల్లబడ్డ చేతిని చూసుకుంట నన్ను పొమ్మన్నడు.

అత్తగారిల్లు కాలువ గట్టు మీద ఉన్నది. ఎటు చూసినా నీళ్ళు, వరి. మరదలు కాళ్ళకు నీళ్ళిచ్చింది. అత్త నా మొఖం పట్టుకొని బాపు పోలికలు వెతికి, దొరకక, ఆకు వేసింది. ఆకుల తెల్లన్నం. దాని మీద నెయ్యి.

నేను ఇంక కూసోనన్న కూసోలే, సంబంధం కుదిరింది.

ఇంత జల్ది కుదురుతదని బాపు చెప్పలే. పప్పుతోని అన్నం తిని లేవబోయిన. "అప్పుడేనా? కూచో" అన్నడు మామ. కూరతోని మళ్ళ అన్నం. గోంగూర పచ్చడితోని మళ్ళ. ఉలవచారుతోని మళ్ళ. పెరుగుతోని ఆఖరికి. ఒక్క పూటల అయిదు సార్లు ఒప్పుకున్నరు. మాపటికి మళ్ళ ఒప్పుకున్నరు. పొద్దుగాల లేస్తే చద్దన్నంల పెరుగు పోసి, ఆవకాయ వేసి, పండ్లు తోముకున్నవో లేదో అని కూడ అడుగకుండ ఒప్పుకున్నరు. పాపం, పిల్లకు ఎవ్వరు దొరుకుతలేరు కావచ్చు అని నాకు జాలి అయ్యింది. కాని పెద్దోళ్ళు అంత గుంజుకుంటున్నప్పుడు మనం బెట్టు చేసుడు మంచిగుండదు.

ఇగ అల్లుని లెక్క ఉండుడు షురూ చేసిన. మంచం మీదికెళ్ళి దిగలే. నీళ్ళు కావాలంటే దగ్గిన. మామ గొడ్లకు మేత వేస్తుంటే "అటు కాదు మామా, ఇటు వెయ్యి" అని మంచం మీదికెళ్ళే సలహా చెప్పిన. మామ నా దిక్కు ఒకసారి, మేత దిక్కు ఒకసారి చూసి, అటే వేసిండు. మంచి మనిషి.

మూడో దినం అలిగిన. మా దిక్కు కొత్తల్లుడు మూడో దినం అలుగాలె. అలుగకపోతే పిలగానికి ఏదో లోపమున్నదనుకుంటరు. ఏం కావాలెనో మనం చెప్పొద్దు, వాళ్ళు బతిమాలి అడుగాలె. నేను చేతిగడియారం అనుకున్న. టైము చూసుడు నాకు రాదు, అయినా అడిగేది ఉండాలె గదా. పగటి బువ్వకు పిలిస్తే గోడ దిక్కు తిరిగి పండుకున్న.

"ఏమైందిరా?" అని అత్త నుదురు మీద చెయ్యి పెట్టింది.

నేను గోడకు ఇంక దగ్గర జరిగిన.

"నీళ్ళు పడలేదే" అన్నడు మామ. "కాలవ నీళ్ళు కొత్తవాళ్ళకి అంతే. ఆముదం పట్టించు."

మా దిక్కయితే "ఏం కావాలె బిడ్డా" అంటరు. వీళ్ళ పద్ధతి ఆముదం కావచ్చు అనుకున్న. మరదలు గిన్నె పట్టుకొచ్చింది.

"తాగు బావా."

"వద్దు."

"ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగెయ్. వాసన తెలీదు."

"నాకు కడుపు నొస్తలేదు."

"మరి గోడకేసి చూస్తావేం? ఏముంది గోడ మీద?"

"బల్లి."

ఆమె కూడ చూసింది. బల్లి లేదు. గిన్నె మంచం కింద పెట్టి, నేను తినని అన్నం తీసుకొని పెరట్లకు పోయింది. తలుపుల నుంచి నాకు కనపడుతనే ఉన్నది. చిప్పల అన్నం వేసింది, మజ్జిగ పోసి కలిపింది, కుక్కను పిలిచింది. కుక్క వచ్చింది, సగం తిన్నది, మిగిలింది ఇడిసిపెట్టి నీడకు పోయి పండుకున్నది.

నేను లేచి కూసున్న. ఆ లెక్కన ఈ ఇంటికి నాకన్న ముందు కుదిరిన అల్లుడు ఒకడున్నడు. పైగా వాడు అలుగుతలేడు.

"కుక్కకు తెల్లన్నమేంది?" అన్న.

"మరేం పెడతారు? మీ ఊళ్ళో కుక్కలేం తింటాయి?"

"మా ఊర్ల అన్నం ఉంటే కుక్క దాక రాదు. నేనే తింట."

నవ్వింది. ఇగ దాచేది ఏమున్నదని అంతా చెప్పిన. రొట్టె పెడితే చుట్టం, అన్నం పెడితే అల్లుడు, మూడో దినం అలుగుడు, గడియారం. ఆమె గడప మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొని, ఆగింది.

"అయితే నన్ను అడగటానికొచ్చావా?"

"అడుగొద్దన్నడు బాపు."

"మీ ఇంట్లో రోజూ రొట్టేనా?"

అబద్ధమాడితే అప్పుడే ఆడాలె. నా నోటికి అబద్ధం కొత్త కాదు. కాని అబద్ధమాడి తీస్కపోతే తెల్లారి పొద్దుగాల రొట్టె ఎదురుంగ ఉంటది.

"రోజూ. రెండు పూటలు" అన్న.

"ఎలా ఉంటుందది?"

మూడు దినాలు అన్నం తినుకుంట అమ్మ ఇచ్చిన మూట సంగతే మరిచిన. నేను పిండి తెచ్చిన్నని తెలిస్తే నవ్వుతరని కొంత సిగ్గు కూడ. విప్పిన. ఇంటి ఆ మూలనున్న అత్త తల తిప్పింది. వచ్చి పిండి చేతిలకు తీసుకొని వాసన చూసింది. నీళ్ళు కాగబెట్టింది, పిండిల పోసింది, పిసికింది, పీట మీద చేత్తోని కొట్టుడు షురూ చేసింది. మొదటి రొట్టె పెంక మీద వేయంగనే నాలుగు ముక్కలైంది. ఇరవై ఏండ్లాయె, చెయ్యి మరిచింది. రెండోది నిలబడ్డది. ఉల్లిగడ్డ కొట్టుకొని, కారం పెట్టుకొని, పొయ్యి కాడనే కూసొని ఒక్కతే తిన్నది. నాకు పెట్టలే. తెచ్చింది నేనే.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదేంటే?" అన్నడు మామ.

"ఎవర్నడుగుత? మీ ఊర్ల జొన్న గొడ్లకు వేస్తరు" అన్నది అత్త. ఆమె నోట మా ఊరి మాట నేను వినుడు అదే మొదలు.

మరదలు తల్లి చేతిలకెళ్ళి ఒక ముక్క తుంపుకొని నోట్ల పెట్టుకున్నది. నమిలింది. ఇంక నమిలింది. నేను ఆమె దవడను చూస్తున్న, అత్త చూస్తున్నది, మామ చూస్తున్నడు. నా పెండ్లి ఆ దవడ మీద ఆగింది.

"గట్టిగా ఉంది" అన్నది. పోయి నీళ్ళు తాగింది.

అయిపాయె అనుకున్న. తెల్లారి బయలెల్లిన. మామ స్టేషను దాకా వచ్చిండు, పిల్ల సంగతి ఎత్తలే. నేను అడుగలే. తొవ్వల తినమని మరదలు ఒక పొట్లం చేతిల పెట్టింది.

హద్దు దాటినంక ఆకలైతే పొట్లం విప్పిన. పులిహోర గిట్ల ఉంటదనుకున్న. జొన్నరొట్టె ఉన్నది. ఒక దిక్కు అట్ట లెక్క మందం, ఒక దిక్కు పలుచన, అంచు మాడింది. అత్త చేసిన రొట్టె కాదది.

పరేషాన్‌ల పడ్డ. మా పద్ధతిల రొట్టె అంటే లేదు పో అని. అది ఆమెకు నేనే చెప్పిన. చెప్పినంక గూడ కట్టిచ్చింది. సగం తిన్న, సగం సాక్ష్యానికి దాచిన.

"అన్నం పెట్టిండ్రా?" అని వాకిట్లనే అడిగిండు బాపు.

"పెట్టిండ్రు. కుక్కకు కూడ పెట్టిండ్రు" అని సగం రొట్టె తీసి చేతిల పెట్టిన.

"మరి ఇదేంది?"

"పిల్ల చేసి కట్టిచ్చింది."

బాపు ఆ సగం రొట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "రొట్టె పెట్టిండ్రంటే లేదన్నట్టే గదా" అన్నడు, గొంతు తగ్గిచ్చి. అమ్మ ఆయన చేతిలకెళ్ళి గుంజుకొని ఒక ముక్క కొరికింది.

"పెట్టుడు వేరు, చేసుడు వేరు" అన్నది. "వద్దనుకున్న పిల్ల చెయ్యి కాల్చుకొని రొట్టె కొట్టుడు నేర్చుకుంటదా? ఉప్పు ఎక్కువేసింది. కొత్త చెయ్యి. పోయి లగ్గం పెట్టుకొని రా."

బాపు ఆ రాత్రి బండికి కందెన వేసి పెట్టుకున్నడు.

ఎండకాలం రాకముందే ఆమె మా ఇంటికొచ్చింది. అరవై ఏండ్లకు పైగ రొట్టె చేసింది. ఒక్క దినం కూడ గుండ్రంగ రాలే, ఒక్క దినం కూడ అంచు మాడకుండ లేదు. అన్నీ తిన్న. అలుగుదామంటే, ఆముదం సీసా ఎక్కడున్నదో ఆమెకు తెలుసు.