అన్న సైకిల్‌కు నేను బిగించిన పెడల్

మా అన్న కాలు విరగలేదు, మెడ విరగలేదు, ఒక్క పన్ను కూడా కదల్లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మధ్యలో మీరు నన్ను తిట్టుకుంటారు. ఎలాగూ తిట్టుకుంటారు, కాస్త తక్కువ తిట్టుకుంటారని ఆశ. అతని ప్రాణం ఒక్కటి వదిలేసి తక్కినదంతా, అంటే ఏడాది కష్టాన్నీ, నాయన ఇచ్చిన ఒకే ఒక్క అవకాశాన్నీ, ఒక్క మధ్యాహ్నంలో మట్టిలో కలిపిన ఘనత నాది. ఆయుధాలు: ఒక స్పానరు, ఒక సుత్తి, అర గిన్నె కొబ్బరినూనె.

ఎనభైల మొదట్లో మాట. నాకు పదిహేనేళ్ళు, అన్న సామేలుకు ఇరవై. నాయన నంద్యాలలో బడిపంతులు, లెక్కలు చెప్పేవాడు. అన్నకు లెక్కలు రావు, సైకిల్ వచ్చు. తెల్లారకముందే లేచి గడివేముల దాకా తొక్కి, నేను పళ్ళు తోముకునే వేళకు తిరిగొచ్చేవాడు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు సైకిల్ పందెం పెడుతున్నారని, గెలిచినవాణ్ణి జిల్లా పోటీలకు పంపిస్తారని తెలిసిన రోజు నాయన తన తీర్పు చెప్పాడు.

"ఒక్క పందెం. గెలిస్తే జిల్లాకు పో. ఓడితే సైకిల్ పక్కన పెట్టి టైపు నేర్చుకో. సరేనా?"

"సరే నాయనా" అన్నాడు అన్న. అంతే. ఆ మాట మీద ఏడాదిపాటు అలా తొక్కాడు.

పందెం ముందురోజు మధ్యాహ్నం సంకటి తిని పడుకోబోతూ నాకొక మాట చెప్పాడు. "మ్మే రూతూ, సైకిల్ జోలికి పోవద్దు. నీ చేతులు ఊరుకోవు."

పాపం, చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆ సైకిల్ ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా కిచకిచమంటుంది. బడి నుంచి వస్తూ మస్తాన్ మామ సైకిల్ అంగడి దగ్గర నిలబడి రోజూ చూసేదాన్ని కనుక, నాకు ఆ విద్య మొత్తం వచ్చేసిందని నా నమ్మకం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే, వద్దన్నా పెట్టేదాన్ని.

అన్న గురక మొదలైంది. నేను స్పానరు తీశాను. పెడల్ అందరూ తిప్పే వైపు తిప్పితే రాలేదు. రెండో వైపు తిప్పితే వచ్చింది. "ఎవడో తెలివితక్కువోడు తిరగేసి బిగించినాడు" అనుకుని వాడి మీద జాలిపడ్డాను. పక్కనే నాయన సైకిల్ ఉంది. దాని కుడి పెడల్ చప్పుడు లేకుండా వెన్నలా తిరుగుతుంది. విప్పి తెచ్చి అన్న సైకిల్ ఎడమ పక్కన పెట్టాను. ఎక్కనంటే ఎక్కనంది. మొండికేసిన పెళ్ళికొడుకును పీటల మీదికి తోసినట్టు తోశాను. కొబ్బరినూనె పోశాను. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, స్పానరుకు వేలాడితే మొత్తానికి ఎక్కింది. కిచకిచ లేదు! అన్న పెడల్‌ను చింతచెట్టు కింద పాతసామాన్లలోకి విసిరేసి, చేతులు పావడాకు తుడుచుకుని, గొప్పగా నవ్వుకున్నాను.

పొద్దున నాయన సైకిల్ తీయబోయి అరిచాడు. "నా పెడల్ యాడ?"

నేను జడ వేసుకుంటూ ఆకాశం వైపు చూశాను. వేళ మించిపోతోందని నాయన గొణుక్కుంటూ నన్ను వెంటబెట్టుకుని నడిచాడు. ఊళ్ళో చేతిగడియారం సరిగ్గా నడిచే కొద్దిమందిలో ఆయన ఒకడు కనుక పందెంలో టైం చూసే పని ఆయనకిచ్చారు. జీపులో ముందు సీట్లో డ్రిల్లు మాస్టరు, పందేనికి న్యాయాధికారి ఆయనే. వెనక నాయన, పందెం ముగిశాక సైకిళ్ళు బాగుచేయడానికి వస్తున్న మస్తాన్ మామ, బతిమాలి ఎక్కిన నేను.

బయలుదేరక ముందు డ్రిల్లు మాస్టరు చేతులు నడుముకు పెట్టి అందరికీ వినిపించాడు. "సైకిల్‌కు ఏమైనా తొక్కేవాడే సూసుకోవల్ల. బయటోళ్ళు చెయ్యేసినా, సామాను అందించినా పందెంలోంచి తీసేస్తా!"

ఈల మోగింది. ఇరవై మంది దాకా ఒక్కసారి దుమ్ములోంచి లేచారు. మొదటి ఐదు మైళ్ళలోనే అన్న అందరికంటే ముందుకు పోయాడు. వెనకనే కోయిలకుంట్ల నుంచి వచ్చిన నల్లబనీను వాడొకడు జలగలా పట్టుకుని వస్తున్నాడు. నాకు ఆనందంతో చెమటలు పట్టాయి. చప్పుడు లేని పెడల్! ఎవరి ప్రతాపం?

శిరివెళ్ళ దాటి చాలాదూరం పోయాక నాయన మళ్ళీ దొంగను తలుచుకున్నాడు.

"నిన్న రాత్రి నా పెడల్ ఎవడో కొట్టుకపోయినాడు మస్తానూ. ఒక్కటే. కుడిది."

మస్తాన్ మామ నవ్వాడు. "ఒక్కటి ఏం జేసుకుంటాడు సారూ? ఎడమ పక్కకు పనికి రాదే."

"ఎందుకు రాదు?"

"ఎడమదానికి మర ఎదురు వైపు తిరిగుంటాది. కుడిది తెచ్చి కొట్టికొట్టి ఎక్కించినాడనుకో, తొక్కేకొద్దీ వదులైతాది. పదీ పదైదు మైళ్ళకు ఊడి కిందపడ్తాది. తొక్కేవాడూ దాంతోపాటే."

ముందు పోతున్న అన్న ఎడమ కాలి వైపు చూశాను. పెడల్ కొద్దిగా, చాలా కొద్దిగా, ఒక పక్కకు ఒరిగి తిరుగుతోంది.

"మామా" అని చెవిలో చెప్పాను. "ఆ దొంగను నేనే. ఆ పెడల్ అదే."

మస్తాన్ మామ నా మొహం చూశాడు, అన్న కాలు చూశాడు. "యా అల్లా! వానికి చెప్పు, ఎడమ కాలు అదమద్దని చెప్పు! జల్దీ!"

నేను జీపు కమ్మీ పట్టుకుని బయటికి వంగాను. "అన్నా! ఎడమ కాలు తొక్కద్దు!"

గాలి, జీపు మోత. అన్న చెయ్యి ఊపి, హుషారు చేస్తున్నాననుకుని ఇంకా గట్టిగా తొక్కాడు.

"ఎడమ కాలన్నా! ఎడమ కాలు!"

"ఏందీ?" అని వెనక్కి చూశాడు. ఆ ఒక్క చూపులో నల్లబనీను సర్రుమని దాటిపోయింది. అన్నకు రోషం వచ్చింది. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా బరువు ఆ పెడల్ మీదే. నేను కాపాడబోయిన ప్రతిసారీ ప్రమాదం మరో రెండు చుట్లు దగ్గరికొచ్చింది. నాయన "కూచోమ్మే, పడతావ్!" అంటూ నా జడ పట్టుకుని లాగుతున్నాడు. ఎదురుగా వరిగడ్డి బండి ఒకటి దారి నిండా వస్తోంది.

అన్న నల్లబనీనును అందుకున్నాడు. దాటాడు. సరిగ్గా బండి పక్కకు వచ్చేసరికి పెడల్ ఊడింది.

సైకిల్ ఒక్కసారి ఎడమకు విరుచుకుపడింది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఏసయ్యా, ఆ కాలు కాదు, నా చెయ్యి తీస్కో" అనుకున్నాను. తెరిచేసరికి అన్న బండి మీది గడ్డిని రాసుకుంటూ బయటికొస్తున్నాడు. బుగ్గ మీద గీరుకుపోయింది, నెత్తి మీద వరిగడ్డి. కిందపడలేదు. ఎడమ కాలు గాలిలో వేలాడేసి, ఒక్క కుడి కాలితో తొక్కుతున్నాడు.

"ఆళ్ళగడ్డ ఇంకా నాలుగు మైళ్ళు. దిగుతాడులే" అన్నాడు డ్రిల్లు మాస్టరు.

దిగలేదు. నల్లబనీను పోయింది, ఇంకొకడు పోయాడు, మరో ఇద్దరు పోయారు. మస్తాన్ మామ చేతిలో సామాను సంచి ఉంది, ఇవ్వడానికి లేదు. అన్న ఒక్క కాలితో, పళ్ళు బిగించి, ఒకసారైనా వెనక్కి చూడకుండా పోయాడు. నాయన మాత్రం జీపు ఆపించి, దుమ్ములో పడ్డ పెడల్‌ను ఏరుకుని తెచ్చి, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. దానికి చుట్టిన చెప్పు రబ్బరు ముక్క ఆయన చేత్తో కుట్టిందే.

అన్న ఐదోవాడుగా చేరాడు. సైకిల్ దిగితే కుడి కాలు కోసిన కోడిలా కొట్టుకుంటోంది. నాయన పెడల్ చూపించాడు.

"ఇది యాడిదిరా?"

అన్న పెడల్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నేనే ఎత్తుకున్నా నాయనా. నాది కిచకిచమంటాంది."

"అడిగితే ఇయ్యనా? దొంగతనం చేసి ఓడిపోయినావు గదా. చెప్పిన మాట జ్ఞాపకముందా?"

"ఉంది. టైపు నేర్చుకుంటా."

ఒప్పుకుంటే దెబ్బలు నాకు. ఒప్పుకోకపోతే అన్న బతుకు ఇక టైపు మిషను ముందు. అన్న ఇంకా నన్నే చూస్తున్నాడు, చెప్పొద్దన్నట్టు.

"అన్న కాదు నాయనా. నేను. ఎడమ పక్క కుడిది కొట్టి ఎక్కించినా."

నాయన అన్న వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"ఇప్పుడే తెలిసె. నిన్న సాయంత్రం దాని చేతులు కొబ్బరినూనె వాసనొస్తాండె. తలకు మాత్రం చుక్క లేదు."

"మరి నువ్వెందుకు ఒప్పుకుంటివి?"

"నాకు దెబ్బలు అలవాటే గదా నాయనా."

నాయన చెయ్యి పైకి లేచింది. నేను మెడ లోపలికి లాక్కున్నాను. ఆ చెయ్యి అన్న నెత్తి మీది గడ్డిపోచ తీసి పారేసింది.

"లెక్కే తప్పుగా ఇచ్చినప్పుడు జవాబు తప్పని పిల్లగాన్ని కొట్టకూడదు" అన్నాడు. "ఈ పందెం లెక్కలోకి రాదు. ఇంకోటి తొక్కు." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు శనివారం నుంచి మస్తాన్ అంగడికి పో. సూసేదానికి కాదు, నేర్చుకునేదానికి."

మరుసటి ఏడు అన్న రెండోవాడుగా వచ్చాడు. డ్రిల్లు మాస్టరు మొదటి ఇద్దరినీ జిల్లాకు పంపాడు. ఆ సైకిల్ బిగించింది నేనే. కాకపోతే అన్న పెట్టిన షరతు ఒకటుంది: నేను బిగించిన సైకిల్‌ను ముందు నేనే పది మైళ్ళు తొక్కి చూపించాలి. "ఊడితే నువ్వే పడు" అన్నాడు. అలా తొక్కితొక్కి నంద్యాలలో పావడా కట్టుకుని గడివేముల దారిలో మగవాళ్ళను దాటిన మొదటి ఆడపిల్లను అయ్యాను. పడలేదు.

ఇక నా ప్రమాణం. బైబిలు మీద చెయ్యి వేసి నాయన ముందు చేశాను: నిద్రపోతున్న మనిషి బండి జోలికి ఈ జన్మలో పోను. పెళ్ళయ్యాక మా ఆయన స్కూటరు మొత్తం విప్పి వాకిట్లో పరిచిన మాట నిజమే. కానీ అప్పుడాయన మెలకువగానే ఉన్నాడు. వద్దు వద్దని అరుస్తున్నాడు కూడా. ప్రమాణం ప్రమాణమే.