జోగారావుగారి శాలువా

జోగారావుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ చిన్న మంచిపని చేసినా శాలువా కప్పేస్తారు. కాకినాడ నుంచి వచ్చి సికింద్రాబాదు రాంగోపాల్‌పేటలో బట్టల కొట్టు పెట్టుకున్నారు. చంకలో సంచీ, సంచీలో శాలువా లేకుండా ఆయన గడప దాటగా నేను చూడలేదు. అరువు తెచ్చుకున్న గొడుగు తిరిగి ఇచ్చినందుకు నాకూ ఒకటి పడింది.

ఒకసారి మేమిద్దరం స్టేషన్ నుంచి ఆటోలో వచ్చాం. దిగీ దిగగానే ఆటో రాములు భుజాల మీద శాలువా వాలింది.

"ఏంది సార్ గిది? నేనేం జేసిన?" అని రాములు బిత్తరపోయాడు.

"అడక్కుండా మీటరు వేశావయ్యా! అదీ సికింద్రాబాదులో!" అంటూ జోగారావుగారు చప్పట్లు కొట్టి నా వైపు చూశారు. చేసేది లేక నేనూ కొట్టాను.

మా వీధి చివర నోవహుగారని ఉండేవారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన పటాలానికి వంటవాడు. ముందు వరస జవాన్లకు రొట్టెలు మోసుకెళ్తుంటే ఫిరంగిగుండు పేలి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. గాయపడ్డ జవాన్లకు పతకాలిచ్చారు, ఈయనకివ్వలేదు. అప్పటినుంచీ ఆ చెయ్యి లాల్చీ జేబులోనే ఉండిపోయింది. చర్చిలో పాటల పుస్తకం కూడా ఎడమచేత్తోనే పట్టుకునేవారు.

"రొట్టెలు మోసేవాడికి గుండు తగిలితే నొప్పెట్టదా, మాస్టారూ?" అని జోగారావుగారు నన్ను నిలదీశారు, పతకం నేనే దాచేసినట్టు. మర్నాడే దరఖాస్తు పట్టుకుని మాజీ సైనికుల ఆఫీసుకు బయల్దేరాం.

"వంటవాళ్లకు రాదండీ," అన్నాడు గుమాస్తా.

వెంటనే శాలువా పడింది.

"అయ్యో, నేనేం చేశానండీ?"

"రేపు రమ్మనకుండా ఇవాళే కాదన్నారు! ఎంతమందికుంటుందండీ ఆ గుణం!"

పై అధికారి ఫైలు పోయిందని ఒప్పుకున్నాడు. నిజం చెప్పినందుకు ఆయనకూ కప్పారు. కొత్త ఫైలు తెరిపించి ఏళ్ల తరబడి తిరిగాం. చివరికి ఆ ఆఫీసులో సంచీ చూస్తేనే చెమటలు పట్టే పరిస్థితి వచ్చింది. మేం గేటు దగ్గర కనబడగానే ఫైలు ఒక బల్ల ముందుకు జరిగేది. అలా జరిగి జరిగి ఢిల్లీ చేరింది. పతకం మంజూరైంది. మే నెలలో, సైనిక్‌పురి హాల్లో, కల్నల్‌గారి చేతులమీదుగా ఇస్తామన్నారు.

తీరా నోవహుగారు రానన్నారు.

"అంతమందిలో ఈ చెయ్యి చాపమంటారా? నావల్ల కాదండీ. మీరే తెచ్చెయ్యండి."

"శాలువా కప్పుకుని రండి, కనబడదు."

"ఈ ఎండల్లో నేనొక్కణ్ణీ శాలువాతో కూర్చుంటే అందరూ నన్నే చూస్తారండీ!"

ఆ సాయంత్రం జోగారావుగారు ఇంటింటికీ తిరిగారు.

"రేపు అందరూ నేను కప్పిన శాలువాలు వేసుకుని రండి."

వెళ్లాం. రాములు, పాలు పోసే బుచ్చమ్మ, నేను, ఆఖరికి ఆ గుమాస్తా కూడా, మెడదాకా బిగించుకుని కూర్చున్నాం. మా వాలకం చూసి కల్నల్‌గారు, "మీ వీధిలో చలిజ్వరాలా?" అని మెల్లగా వాకబు చేశారు. మా మధ్యలో నోవహుగారు. ఎవరి చేతులూ కనబడటం లేదు, ఆయన చెయ్యీ కనబడటం లేదు. జోగారావుగారి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను, ముఖం మీద చెమట మాత్రం తుడుచుకోలేకపోయాను.

పేరు పిలిచారు. నోవహుగారు లేచి, ఉడికిపోతున్న రాములును చూసి ఫక్కున నవ్వారు.

"తీసెయ్యరా బాబూ, వడదెబ్బ తగులుద్ది!"

అంటూ తన శాలువా కూడా తీసి, మడిచి, చంకలో పెట్టుకుని వేదికెక్కారు. కుడిచెయ్యే చాపి పతకం అందుకున్నారు. ఆ చేత్తోనే సెల్యూట్ కొట్టారు. ఆయన చెయ్యి దించేదాకా కల్నల్‌గారు తన చెయ్యి దించలేదు.

కిందికి దిగి, నోవహుగారు తిన్నగా వచ్చి ఆ శాలువా జోగారావుగారి భుజాల మీద కప్పారు.

"అయ్యయ్యో, నేనేం చేశానండీ?" అంటూ జోగారావుగారు కంగారుగా వెనక్కి జరిగారు.

వెనక వరసలోంచి రాములు కేకేశాడు.

"అడగకుంటనే మీటర్ ఏసిన్రు సార్!"