కాగితాల గదిలో సులోచనక్క

తలుపు వేయగానే బజారంతా మాయమైంది. ఇవాళ మైకు ముందు కూర్చోబెట్టడానికి ఒక కొత్త అమ్మాయిని మా ప్రెస్సులోని కాగితాల గదిలోకి తీసుకెళ్ళాను. కోరుట్ల బస్టాండులో బస్సుల హారన్లు, ఆటోవాళ్ళ కేకలు, పక్కన మిర్చిబజ్జీల బండి దగ్గర నూనె చిటపటలు, అన్నీ తలుపు అవతలే ఆగిపోయాయి. నాలుగు గోడల వెంట పైదాకా పేర్చిన కాగితం కట్టలు చప్పుడునంతా మింగేస్తాయి. కొత్త కాగితం వాసన గుప్పుమంది. "అక్కా, నా ఊపిరి నాకే ఇనవడ్తంది!" అంది ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి. నాకు నవ్వొచ్చింది. కొన్నేళ్ళ కిందట ఇదే గదిలో ఇదే మాట సులోచనక్క అంది. ఆమె ఆ మాట తర్వాత ఒక తిట్టు కూడా కలిపింది గానీ, అది ఇక్కడ రాయలేను.

సులోచనక్క ఈ ప్రెస్సు యజమాని. భర్త పోయాక మిషన్ అమ్మేసి ఇంట్లో కూర్చోమని చుట్టాలంతా చెబితే, కొంగు నడుముకు చెక్కి తానే మిషన్ మీద చెయ్యి వేసిన మనిషి. మాది కథలాపూర్. డిగ్రీ అయ్యాక, కంప్యూటర్‌లో తెలుగు టైపు నేర్చుకుని ఆమె దగ్గర పనికి చేరాను. ప్రూఫు చూడటంలో అక్క పద్ధతి ఒకటుండేది. ఆమె రాతప్రతిని పైకి చదివేది, నేను తెర మీద సరిచూసుకునేదాన్ని. పైకి చదవడమంటే ప్రతి గుర్తునూ పలకాల్సిందే. "వాగు దాటిండు కామా, చెప్పులు చేతవట్టుకున్నడు కామా, ఎనుకకు సూడలే ఫుల్‌స్టాప్, కొత్త పేరా." మిషన్ మోతను దాటి వినిపించాలి కాబట్టి గొంతు కూడా అంతే ఉండేది. ఒకసారి హోటల్‌కి ఫోన్ చేసి, "రెండు చాయ్ కామా, ఒక బన్ను ఫుల్‌స్టాప్" అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, "నవ్వుడాపి పని సూడు పోరీ!" అని గట్టిగా ఒకటేసింది.

మరి ఆ మిషన్ మోత తగ్గిపోతూ వచ్చింది. మాకు అన్నం పెట్టిందే లగ్గాల సీజన్. ఇప్పుడు పెళ్ళి పిలుపులు పాటలతో, పూలవానతో ఫోన్లలోనే వెళ్ళిపోతున్నాయి. దేవుడి దగ్గర పెట్టడానికి, పెద్దవాళ్ళకు పంచడానికి పదో పాతికో కార్డులు చాలంటున్నారు. ఆ కొన్నింటికి ఆ పెద్ద ఆఫ్‌సెట్ మిషన్‌ను తిప్పితే వచ్చే డబ్బు అచ్చు ప్లేటు ఖర్చుకే సరిపోదు. జగిత్యాల నుంచి మిషన్లు కొనే ఆయన వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూసి వెళ్ళాడు. అక్క ఔననలేదు, కాదనలేదు. ఆయన వెళ్ళాక నాతో అంది: "మిషిన్ లేకుంటె ఇది ప్రెస్సెట్లయితదే? ఉట్టి రూము. ఎండకాలం ఎల్లిపోయేదాక సూస్త. అప్పటికి గిట్లనే ఉంటె షట్టర్ గుంజుడే." నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగం గురించి కాదు, నేను ఎక్కడో ఒకచోట బతుకుతాను. ప్రెస్సు లేని సులోచనక్కను ఊహించుకోవడమే నా వల్ల కాలేదు.

ఆ ఎండల్లోనే నర్సయ్య కాక వచ్చాడు. సిరిసిల్లలో బతుకంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. తీరిక దొరికినప్పుడల్లా తన వాడకట్టు మనుషుల కథలు రాసుకున్నాడు. పుస్తకం వేసుకుందామనుకునేసరికి చూపు పోయింది. "అచ్చయినంక నేనెట్లాగు సదువలేను. కని అచ్చుగావాలె బిడ్డా," అన్నాడు. అక్క కాదనలేక టైపు చేయించింది. ప్రూఫు రోజున ఆయన్ని కూడా కూర్చోబెట్టి తన పద్ధతిలో పైకి చదివింది. ఆయన తలూపుతూ విన్నాడు, ఒకచోట తన కథకు తానే నవ్వాడు. అంతా అయ్యాక అక్క గొంతు వైపు తిరిగాడు. "రాసింది నేనే. కని ఇన్నది ఇయ్యాలనే. సాంచల కాడ మావోళ్లు ఇంటె ఎట్లుంటదో!" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒళ్ళంతా పులకరించింది. "అక్కా, రికార్డు చేద్దాం! నువ్వు చదువు, ఫోన్లలో పెడదాం. పుస్తకాన్ని కూడా ఫోన్‌లో చదువుకునేటట్టు చేస్త!" అన్నాను. "నాదేమన్న రేడియో గొంతానే? మిషిన్ పక్కపొంటి అరిచే గొంతు," అంది అక్క. అంది గానీ, ముఖంలో వెలుగు దాచుకోలేకపోయింది.

మైకు తెప్పించాం. ముందు గదిలో కూర్చుంటే లారీలు కూడా కథలోకి వచ్చేస్తున్నాయి. చివరికి కాగితాల గదే దిక్కయింది. ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ మొదటి కథ చదివింది అక్క. ఏం చదివింది! గొప్పగా నర్సయ్య కాకకు వినిపించాం. ఆయన శ్రద్ధగా విని, గడ్డం గోక్కుని అడిగాడు: "బిడ్డా, అంత మంచిగున్నది. కని గా కామా అనేటాయనెవలు? నా కథల గాయన లేడు గదా!" చచ్చినంత పనైంది. అక్క వాక్యం వాక్యానికీ కామాలూ ఫుల్‌స్టాపులూ చదివేసింది, నేను కూడా అలవాటు కొద్దీ అవి విననే లేదు! ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. మళ్ళీ మొదటి నుంచి. నోరు జారబోయినప్పుడల్లా నేను ఎదురుగా వేలు చూపించేదాన్ని, అక్క ఆ మాట మింగేసి అక్కడ ఊపిరి తీసుకునేది. ఆ ఊపిరితో కథకు ప్రాణం వచ్చింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు. సిరిసిల్లలో ఆ కథలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పాకిపోయాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సాంచాల మోతలోనే వింటున్నారట. విన్నవాళ్ళు ఫోన్ చేసి పుస్తకం ఉందా అని అడగటం మొదలుపెట్టారు. ఫోన్ వస్తే పుస్తకం పోతుందని భయపడ్డాం, చూస్తే ఫోనే పుస్తకాన్ని అడుగుతోంది! పుస్తకం ఇంకా అచ్చు వేయనే లేదు, అడిగేవాళ్ళేమో ఇవాళ ఒకరు, రేపు ఇద్దరు. దానికి పెద్ద మిషన్ పనికిరాదు. ప్లేటు అక్కర్లేకుండా, కంప్యూటర్ నుంచే ఒక్క కాపీ కూడా తీయగల చిన్న డిజిటల్ మిషన్ కావాలి. అక్క పట్టుబట్టి చిన్నది తెప్పించింది, పెద్దదాన్ని జగిత్యాల ఆయనకు ఇచ్చేసింది. ట్రాలీ ఎక్కించే ముందు దానికి పసుపు కుంకుమ పెట్టింది. అది వెళ్ళాక ఖాళీ అయిన చోట నేల మీద నూనె మరకలు చూస్తూ కూర్చుండిపోయింది. "ఇగ ఇది ప్రెస్సేనానే?" అంది.

అప్పుడే ఒకామె గడపలో నిలబడి, "గా సాంచల కథలు సదివిన అక్క గీడనే ఉంటదా?" అంది.

"నేనే. ఏంగావాలె?" అంది అక్క విసుగ్గా.

ఆమె ముఖం విప్పారిపోయింది. "అవ్వో, గిదే గొంతు! నేను సిరిసిల్ల సంది అచ్చిన. భాగ్య నా పేరు. నూలు కండెలు సుట్టుకుంట రోజు నీ గొంతే ఇంట. గా పుస్తకం గావాలె అక్కా, మా బిడ్డకు సదివి సెప్పాలె." తర్వాత కాస్త జంకింది. "ఒక్కటే. ఒక్కటి ఇయ్యరా?"

సులోచనక్క లేచింది. "ఎందుకియ్యం? కూసో. జర మంచినీళ్లు తాగు."

నేను మీట నొక్కాను. కాగితాలు గబగబా వచ్చి పడుతుంటే అక్క ఒక్కో పుటా వెలుతురుకు పట్టి చూసింది. తానే అట్ట అంటించింది, తానే అంచులు కోసింది. భాగ్య ఆ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, నిలబడే మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది. ఇన్నాళ్ళూ తన గొంతులో విన్న కథను భాగ్య గొంతులో వింటూ అక్క కళ్ళు తుడుచుకుంది. నా భుజం పట్టి ఊపేసింది. "ప్రెస్సే! ఇది ప్రెస్సేనే పోరీ!"

భాగ్యను బస్సు ఎక్కించి వచ్చాక కూడా అక్క కుదురుగా కూర్చోలేదు. "రేపటి సంది పొద్దుగాల్నే షట్టర్ లేపాలె. ఒక్క పుస్తకం కోసం గంత దూరం అచ్చేటోళ్లు బయట నిలవడొద్దు," అంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు మోకాళ్ళ నొప్పులతో నిజామాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తాళాలు నా చేతిలో పెట్టినప్పుడు కూడా ఆ మాటే చెప్పింది. ఏ రోజు ఎవరొస్తారో నాకు తెలియదు. కొన్ని పొద్దులు ఎవరూ రారు. అయినా మొదటి బస్సు వచ్చేలోపే షట్టర్ లేపి, మిషన్ వేసి, బయట ఒక కుర్చీ వేసి ఉంచుతాను.