పెద్దబాపు పలువరుస

మా బాపు బతుకంతా చచ్చిపోయిన తన అన్న పేరుతో బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయి పని అన్నకే, అంటే మా పెద్దబాపుకే ఖాయమైంది. చేరే లోపే ఆయన కామెర్లతో పోయాడు. చేతికొచ్చిన పని ఎవరు వదులుకుంటారు? ఊరి పెద్దమనుషులు కూర్చుని, తమ్ముణ్ణి అన్న పేరుతో బండెక్కించారు. గోదావరిఖనిలో ఇది చెవులు కొరుక్కోవాల్సినంత సంగతేమీ కాదు. మా గల్లీలోనే మామ పేరుతో బాయిలోకి దిగిన అల్లుడున్నాడు. పక్కింటాయన పేరుతో దిగి, ఆ పక్కింటాయనతోనే జీవితాంతం మాటలు మానేసినవాడూ ఉన్నాడు.

అందరికీ తెలిసినా భయం మాత్రం ఎవరి భయం వాళ్లకుండేది. అందుకే మా బాపమ్మ, అంటే బాపు తల్లి, ఇంట్లో కూడా కొడుకును 'పెద్దోడా' అని పిలవడం మొదలుపెట్టింది. 'చిన్నోడా' అని నోరు జారితే ఎవరి చెవిన పడుతుందోనని. మొదట్లో తడబడి నాలుక కరుచుకునేదట. తర్వాత అదే అలవాటైపోయింది.

రిటైరైన రోజు బాపు మెడలో దండతోనే వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, ఇగ డ్యూటీ ఒడిసింది. ఇగనన్న నన్ను చిన్నోడా అని పిలువు" అన్నాడు.

"గట్లనే పెద్దోడా" అంది బాపమ్మ.

మేమంతా పడీ పడీ నవ్వాం. బాపు నవ్వలేదు. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాడు. పండగపూట అడిగేవాడు, ఆమెకు ఒళ్లు వెచ్చబడితే అడిగేవాడు. "సచ్చేలోపట ఒక్కసారి అంటే సాలు బిడ్డా" అని నాతో అనేవాడు. నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని, ఓపిక తక్కువ మనిషిని. ఇంత వయసొచ్చి ఈ చాదస్తమేమిటని విసుక్కునేదాన్ని.

ఇక పళ్ల సంగతి. బాయి లోపల బీడీ ముట్టించకూడదు. జేబులో అగ్గిపెట్టె దొరికినా కొంప మునుగుతుంది. కాబట్టి మా బాపు తరం వాళ్లు షిఫ్టంతా దవడన తంబాకు పెట్టుకునే గడిపారు. దాంతో చిగుళ్లు వదులై, పైవరుసలో ముందరి పళ్లు ఒక్కొక్కటే రాలి, చివరికి ఆ చోటంతా ఖాళీ అయింది. బాపు తువ్వాల అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. కోడికూర వండిన రోజు ముక్కలన్నీ మా పళ్లేల్లోకి తోసేసి తాను పులుసు కలుపుకునేవాడు. చూడలేక నేనే ఆయన్ని చౌరస్తాలోని పళ్ల దవాఖానకు లాక్కుపోయాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగల పిల్ల.

"నాలుగు పండ్లు లేకుంటే ఏమైతది, బతుకుతలేనా?" అన్నాడు బాపు కుర్చీలో పడుకుని.

"బతుకుతరు కాకా. కానీ ఖాళీ జాగ ఉంటే పక్క పండ్లు అటుదిక్కు ఒరుగుతయ్. కింది పండ్లు పైకి లేస్తయ్. ఆడ ఎముక గూడ అరుగుతది. మల్ల పెట్టిద్దామన్నా కష్టమైతది."

ఎముకలో మర బిగించి పన్ను పెట్టే పద్ధతి ఉందిగానీ బాపుకి షుగరు అదుపులో లేదు. పక్క పళ్లను అరగదీసి వాటి మీదుగా వంతెనలా కట్టొచ్చు, కానీ ఆ బరువు మోసే బలం వాటికి లేదట. మిగిలింది తీసి పెట్టుకునే సెట్టు. అంగిలికి ఆనుకునే గులాబిరంగు రేకు, దానికి అతికించిన పళ్లు, ఉన్న పళ్లను పట్టుకుని నిలవడానికి సన్నని తీగ కొక్కేలు. ముందు పాచి తీసి చిగుళ్లు నయం చేసింది. తర్వాత మెత్తటి ముద్ద నింపిన తట్టను నోట్లో పెట్టి కొలత తీసింది. బాపుకి డోకొచ్చి కళ్లమ్మట నీళ్లు కారాయి. మళ్లీ వెళ్లేసరికి బల్ల మీద సుద్దతో పోసిన నోరు ఒకటి ఉంది, బాపుది. మనిషి లేకుండా ఒక్క నోరే తెరుచుకుని మా వైపు చూస్తుంటే నేను తల పక్కకు తిప్పుకున్నాను.

"పాత ఫోటో ఉంటే పంపుండ్రి అక్కా, నవ్వుతున్నది. పన్ను ఆకారం తెలుస్తది" అంది డాక్టరమ్మ.

అలాంటి ఫోటో మా గోడ మీదే ఉంది. స్టూడియోలో కుర్చీ మీద చెయ్యేసి నిలబడి నవ్వుతున్న కుర్రవాడు. అది బాపు పడుచు ఫోటో అని చెబితే వింటూ పెరిగాం. ఇంటికి ఎవరొచ్చినా అదే చెప్పేవాళ్లం. ఆ నవ్వులో ముందరి పన్ను ఒకటి పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంటుంది. బాపు పళ్లు రాలి ఏళ్లయింది, అవి అసలు ఎలా ఉండేవో మాలో ఎవరికీ గుర్తులేదు. దాన్ని ఫోనులో తీసి పంపాను.

"సక్కగ పెట్టాల్నా, ఫోటోల లెక్క ఎక్కించి పెట్టాల్నా?" అని ఫోను చేసింది.

"ఆయన పన్ను ఎట్లుంటే అట్లనే పెట్టు తల్లీ" అన్నాను.

మైనంలో అమర్చి నోట్లో పెట్టి చూసిన రోజు బాపు అద్దం వద్దన్నాడు. తినడానికి పనికొస్తే చాలు, అందం ఎవరికి కావాలన్నాడు. సెట్టు తయారై బిగించిన రోజు మాత్రం డాక్టరమ్మ పట్టుబట్టి అద్దం చేతిలో పెట్టింది. బాపు చూసుకున్నాడు. చూసుకుంటూ అలాగే ఉండిపోయాడు. అద్దం పట్టుకున్న చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది. కొత్తపెళ్లికొడుకులా సిగ్గుపడుతున్నాడని నేను వేళాకోళం చేశాను.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. కొన్నాళ్లు మెత్తటివి తినాలి, చిన్న ముద్దలు, రెండు పక్కలా నమలాలి. కొరికి బిగించకూడదు, వేళ్లతో నొక్కి పెట్టుకోవాలి. పడుకునేటప్పుడు తీసి మామూలు నీళ్లలో వెయ్యాలి. వేడినీళ్లు తగిలితే రేకు వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ల గిన్నె పెట్టుకుంటే జారిపడినా పగలదు. ఎక్కడైనా ఒరుసుకుపోతే ఓర్చుకోకుండా రమ్మంది. నేను బుద్ధిగా తలూపాను. బాపు ఏమీ వింటున్నట్టు లేడు.

ఇంటికి వెళ్లగానే అమ్మ మురిసిపోయింది. "అచ్చం ఫోటోల లెక్కనే ఉన్నవ్" అంది. పెద్దబాపు పోయాక ఎప్పటికో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి, ఆమెకేం తెలుసు? ముందు గదిలో కిటికీ కింద బాపమ్మ మంచం. ఆమె కళ్లకు మనుషులు వెలుతుర్లో ఆకారాల్లా మాత్రమే ఆనేవాళ్లు. బాపు దగ్గరికి వంగి, "అవ్వా, పండ్లు పెట్టించుకున్న" అన్నాడు. కొత్త రేకు వల్ల నాలుక మొద్దుబారి, గొంతు వేరేగా పలికింది.

 బాపమ్మ చెయ్యి చాపి ఆయన దవడ తడిమింది. పెదవి మీద, పన్ను మీద వేలు ఆడించింది. ఆ ఎక్కిన పన్ను దగ్గర వేలు ఆగింది.

"ఎప్పుడొచ్చినవ్ పెద్దోడా?" అంది. "కండ్లు పచ్చగుండె గదా, కామెర్లు తగ్గినయా?"

రోజూ వినే పిలుపే అది. కానీ రోజూ అది నోటి అలవాటు. ఆ పూట ఆమె ఎవరినో నిజంగా పిలిచింది. 

సాయంత్రం గడప దగ్గర కూర్చుని బాపు అసలు మాట చెప్పాడు. "ఆ ఫోటో నాది కాదు బిడ్డా. అన్నది. వానికే ఆ పన్ను ఎక్కి ఉండె."

"ముందుగాల చెప్పొద్దా బాపూ?"

"నాదే అని చెప్పి చెప్పి, నాకు గూడ నాదే లెక్కయింది. అద్దంల చూసినంకనే యాదికొచ్చింది."

కోపం వచ్చింది నాకు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. అబద్ధం ఎంత పకడ్బందీగా కాపాడుకున్నామంటే, చివరికి చెప్పినవాడే దాన్ని నమ్మాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు. పగటి కునుక్కి కూడా బాపు పళ్లు తీసి వేసే స్టీలు గిన్నె కిటికీలో ఉండేది, బాపమ్మ తలాపున. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు మా కాలనీలో కిటికీలు గజగజలాడడం మామూలే. ఆ అదురుకి గిన్నెలో సెట్టు కదిలి టిక్కుటిక్కుమనేది. "ఆఁ, చెప్పు బిడ్డా" అనేది బాపమ్మ. ఎడ్లకు నీళ్లు తాపావా అని అడిగేది. ఆ పిల్ల నీకు నచ్చిందా అని అడిగేది. అడిగి ఆగేది, విన్నట్టు తలూపేది, మళ్లీ ఇంకోటి అడిగేది. కంపనం అంటే ఏమిటో ఎనిమిదో తరగతికి బోర్డు మీద గీసి చెప్పేదాన్ని నేను. అదే నాకూ చెప్పుకున్నాను. ఒకరోజు ముసురుపట్టి ఓపెన్‌కాస్టు పని ఆగింది. బ్లాస్టింగు లేదు, కిటికీ కదల్లేదు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను. గిన్నె టిక్కుమంది. బాపమ్మ నవ్వింది. నేను బియ్యం చాట అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. 

గిన్నెను అక్కణ్ణించి తీసేద్దామంటే బాపు వద్దన్నాడు. అన్నం ముట్టడం మానేసిన బాపమ్మ, ఆ పళ్లు పెట్టుకుని ఆయన తినిపిస్తే తింటోంది మరి. ఆమె అడిగినవాటికి ఆయన జవాబులు కూడా ఇవ్వసాగాడు. "తాపిన అవ్వా." "నచ్చింది అవ్వా." మెల్లమెల్లగా ఆయన నిలబడే తీరు మారింది. ఎప్పుడూ ఒంగి నడిచే మనిషి, కుర్చీ మీద చెయ్యేసి ఠీవిగా నిలబడుతున్నాడు. "నాకు తెల్వని మనిషి ఇంట్ల తిరుగుతున్నట్టుంది" అని అమ్మ నా చెవిలో చెప్పి ఏడ్చింది. అమ్మ భయస్తురాలు కాదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. అదేం పెద్ద పని కాదంది. ఆ ఒక్క పన్నూ తీసేసి సెట్టులోనే తిన్నగా అమర్చొచ్చట. బాపు వెంటనే ఒప్పుకున్నాడు.

"తీసేద్దాం బిడ్డా. వాని పేరు మోసిన. వాని మొకం గూడ మొయ్యాల్నా?"

 చాదస్తం అని నేను విసుక్కున్నది ఎంత పెద్ద దుఃఖమో అప్పుడు తెలిసింది.

వెళ్లేలోపే రేకు అంచు ఒరుసుకుని చిగురు పుండైంది. కొన్నాళ్లు సెట్టు పెట్టుకోవద్దు, ఉప్పునీళ్లు పుక్కిలించాలి, పుండు మానాక వస్తే ఆ అంచు అరగదీసి పన్ను కూడా మారుస్తానంది డాక్టరమ్మ. బాపు బోసినోటితో బాపమ్మ దగ్గర కూర్చునేవాడు. ఆమె మళ్లీ తిండి మానేసింది. దవాఖానకు తీసుకెళ్తే, ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఒళ్లు చల్లబడుతూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం బాపు చెంచాతో జావ పట్టిస్తున్నాడు. నేను ఆమె తల ఎత్తి పట్టుకున్నాను. జావ పెదవి అంచున కారిపోతోంది. ఉన్నట్టుండి బాపమ్మ చెయ్యి లేపి బాపు మూతి తడిమింది. వేలు నోట్లోకి పోనిచ్చి ఖాళీ చిగురు మీద అటూ ఇటూ రాసింది, పసివాడికి పన్ను వచ్చిందేమో చూసే తల్లిలాగా. పుండు మీద వేలు తగిలి బాపు ముఖం ముడుచుకుంది గానీ తల వెనక్కి తీసుకోలేదు.

"చిన్నోడా" అంది బాపమ్మ.

బాపు చెంచా పక్కన పెట్టేశాడు. "అవ్వా" అన్నాడు. "అవ్వా, మల్లొకసారి అను."

"చిన్నోడా. బక్కగైనవ్ బిడ్డా."

బాపు ఏడ్చాడు. ఆయన అలా వెక్కివెక్కి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి పెట్టుకుని నిలబడింది.

బాపమ్మ కళ్లు బాపు భుజం మీదుగా గదంతా వెతికాయి.

"మీ అన్న ఏడి రా?" అంది. "గిన్ని దినాలు ఈడనే ఉండె గదా. మల్ల పోయిండా?" ఆమె గడ్డం వణకసాగింది. "మల్ల పోయిండా చిన్నోడా?"

 ఆమె ఊపిరి ఎగపోత మొదలైంది. నా చేతుల్లో ఆ చిన్న తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఒకసారి కన్న కొడుకును పోగొట్టుకున్న మనిషి, మా కళ్ల ముందే రెండోసారి పోగొట్టుకుంటోంది.

బాపు ముఖం తుడుచుకుని లేచాడు. కిటికీలోంచి గిన్నె అందుకుని, సెట్టు తీసి, పుండు మీదే వేళ్లతో నొక్కి బిగించుకున్నాడు. నొప్పికి ఆయన కళ్లు మూసుకుపోయాయి. తిరిగి వచ్చి అదే చోట కూర్చుని ఆమె చెయ్యి తన దవడకు ఆనించుకున్నాడు.

"ఈడనే ఉన్న అవ్వా. ఏడికి పోలె" అన్నాడు ఆ మొద్దు గొంతుతో.

బాపమ్మ వేలు ఆ ఎక్కిన పన్నును వెతికి పట్టుకుంది. ఊపిరి నెమ్మదించింది. ముఖం తేటపడింది. జావ కోసం నోరు తెరిచి, మళ్లీ ఆగింది.

"తమ్మున్ని గూడ పిలువు పెద్దోడా" అంది. "ఇప్పుడే గీడ ఏడ్సుకుంట కూసున్నడు. ఆకలైతుండొచ్చు."

"పిలుస్త అవ్వా" అన్నాడు బాపు. చెంచా ముంచి, ఆమె నోటికి అందించాడు.