కాగు అడుగున నీలం

మట్టెవాడలో నూలుకు రంగులద్దే సారయ్యకు తన నాలుక మీద ఉన్న నమ్మకం పెళ్లాం మీద కూడా లేదు. సున్నం, తగిరిస గింజలు వేసి నాలుగు రోజులు ఊరబెట్టిన నీలం కాగులో వేలు ముంచి, నాలుక కొసకు తాకించేవాడు. చురుక్కుమంటే నూలు ముంచేవాడు. అది తండ్రి నేర్పిన విద్య. ఆడమనిషి దగ్గరికొస్తే నీలం విరిగిపోతుందన్న పిచ్చి నమ్మకమూ తండ్రి ఇచ్చిపోయిందే. అందుకే పెళ్లాం సమ్మమ్మ ఇరవై ఏళ్లుగా గడప బయటే కూర్చుని, ఆయన అద్దిన నూలు జాడించేది.

1978లో చేనేత సంఘం సెక్రటరీ కిషన్ రావు కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రంగు మందులు తెచ్చిచ్చాడు. వీటితో నీలం గంటలోనే కరుగుతుందన్నాడు. ఒక్క కాగుకు సరిపడా నీలం చేతిలో పెట్టి, "పదిహేను రోజులల్ల జంపఖానా నూలు అద్ది చూపియ్యి సారన్నా. లేకుంటే సంఘం పని వేరేటోళ్లకు పోతది" అన్నాడు. మందు ఒంటికి తగలనియ్యొద్దని కూడా చెప్పాడు పాపం. సారయ్య బుద్ధిగా కట్టెతోనే కలిపాడు. కలిపి ఊరుకున్నాడా? అలవాటు కొద్దీ ఆ కట్టె కొస నాలుకకు తాకించాడు!

నాలుక కాలి వారం రోజులు దవాఖానలో ఉన్నాడు. ఇంటికొచ్చి చూస్తే కాగులో మందు చచ్చిపోయి, నీలమంతా బురదలా అడుగుకు దిగింది. పక్కింటి పోశయ్య పారబొయ్యమన్నాడు. సారయ్య గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఉప్పు కూడా తెలియని నాలుకతో ఇక నీలం సంగతి ఏం తెలుసుకుంటాడు?

"నేను గడప బయట కూసున్న గని కండ్లు మూసుకొని కూసోలే" అంది సమ్మమ్మ. "రంగు ఏడికి పోలే, అడుగున్నే ఉన్నది. మల్ల మందేస్తె లేస్తది. నన్ను లోపలికి రానియ్యి."

సారయ్య కళ్లు తుడుచుకుని గడప దాకా వచ్చాడు. ఆఖరికి పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆమె కాగు కింద సన్నగా మంట పెట్టింది, మిగిలిన మందు కొద్దికొద్దిగా వేసి మూత పెట్టింది. గంటకు నీళ్లు పసుపచ్చగా తేటపడ్డాయి. ముంచి తీసిన నూలు గాలి తగిలి ఆకుపచ్చగా మారి, చూస్తుండగానే చక్కని నీలమైంది. ఆ నీళ్లు కూడా ఆమె పారబోయనివ్వలేదు, మర్నాటి నూలుకు అట్టే పెట్టింది.

గడువు రోజున కిషన్ రావు వచ్చి నూలు ఎండకు పట్టి చూశాడు. "శాన సక్కగున్నది సారన్నా! నీ చెయ్యే చెయ్యి. ఇగ నూలంత ఈడికే పంపుత."

తలూపితే పోయేది. పరువూ పనీ రెండూ దక్కేవి. సారయ్య ఇంకా సరిగా తిరగని నాలుకతో కష్టపడి అన్నాడు.

"నాది కాదు సారూ. మా సమ్మమ్మ అద్దింది."

పెళ్లయిన నాటి నుంచి నలుగురి ముందు ఆమె పేరు పలకడం అదే మొదటిసారి.