నాలుక మీది పుట్టుమచ్చ

ఆ రోజుల్లో మాలాంటి పిల్లలు తాము ఫలానా అని రుజువు చేసుకోవాలంటే ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు ఉండి తీరాలి. పదో తరగతి పరీక్షలకి ముందు మా మాస్టారు (చేతిలో బెత్తం లేకపోతే ఆయనకి మాట పెగిలేది కాదు) ఒక్కొక్కరినీ పిలిచి మచ్చలు రాసుకున్నారు. నాకు ఎడమ మోచేతి మీద ఒకటి దొరికింది. రెండోదాని కోసం అమ్మ వెతికి వెతికి విసిగిపోయింది. అప్పుడు నానమ్మ, "నాలుక మీద అంత మచ్చ పెట్టుకుని ఒళ్ళంతా తడుముతారేంటే?" అంది. అచ్చం అలాంటిదే ఆవిడ నాలుక మీదా ఉంది. మా నాన్నని దాటేసి నాకొచ్చింది. మా ఊరు ఆగిరిపల్లి మొత్తం మీద ఇలాంటి నాలుకలు మా ఇంట్లోనే ఉన్నాయని నాకు చెప్పలేనంత గొప్ప. దాన్నెవరు చూస్తారే అని మాస్టారు గొణిగినా, పట్టుబట్టి రాయించాను.

చూసే రోజు రానే వచ్చింది. పదో తరగతి మార్కులతోనే చేర్చుకునే నూజివీడు కాలేజీలో ఆరేళ్ళ ఇంజినీరింగ్ సీటుకి పిలుపొచ్చింది. మా ఇంటి నుంచి కాలేజీ గుమ్మం తొక్కబోయే మొదటి మనిషిని నేనే. అమ్మా నాన్నా మామిడితోటలో చివరి కోతకి కూలికి వెళ్ళడంతో నానమ్మ తోడొచ్చింది. భయమేస్తే నాకు ఆకలేస్తుంది (ఇప్పటికీ అంతే). బస్టాండులో నేరేడుపళ్ళు కనిపిస్తే దోసెడు తినేసి వెళ్ళి వరసలో నిలబడ్డాను. కాగితాలు చూసే సారు నా మోచేయి చూసి తలూపారు. రెండో మచ్చ సంగతి చదివి కళ్ళజోడు సర్దుకుని, ఏదీ చూపించమన్నారు. గర్వంగా నాలుక చాపాను. ఆయన ఇటు వంగి చూశారు, అటు వంగి చూశారు.

"మచ్చ ఎక్కడమ్మా? నాలుకంతా మచ్చే."

పక్కన నిలబడమన్నారు. సాయంత్రంలోగా రెండో మచ్చ కూడా కలవకపోతే సీటు నా తరవాతివాళ్ళకి పోతుందట. పరిగెత్తుకెళ్ళి నానమ్మకి చెప్పాను. కుళాయి దగ్గర నానమ్మ తన కొంగుతో నా నాలుకని పళ్ళెం తోమినట్టు తోమింది. మా చుట్టూ చేరిన పిల్లలు ఊరుకుంటారా, తమ నాలుకలూ చాపి ఒకరివొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. చాట్రాయి నుంచి వచ్చిన అబ్బాయి నాలుక నిండా గాడులే. ఇంకొకమ్మాయికి కొన దగ్గర చిన్న నొక్కుంది. కవలపిల్లల్లో ఒకడు నాలుకని గొట్టంలా చుట్టేశాడు, అచ్చుగుద్దినట్టుండే రెండోవాడు ఎంత తంటాలు పడ్డా చుట్టలేకపోయాడు. వీళ్ళలో ఎవరెవరో తెలుసుకునే దారి ఇన్నాళ్ళకి దొరికిందని వాళ్ళమ్మ తెగ సంబరపడింది. ఆ సంబరంలోనే సోడాబండి దగ్గర్నుంచి నిమ్మచెక్క తెచ్చి, ఉప్పద్ది రుద్దమని నానమ్మకిచ్చింది. నా కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి గానీ, ఊదారంగు కాస్తా గులాబీ రంగుకి దిగింది. మచ్చ తేలింది.

మళ్ళీ సారు ముందు నిలబడి చాపాను. నానమ్మ అడక్కుండానే తన నాలుకా చాపి, తనది పాతది, నాది కొత్తది, కావాలంటే పోల్చుకోమంది. సారు నవ్వు ఆపుకోలేక సంతకం పెట్టేశారు. కాగితాలు చేతికిస్తూ గొంతు తగ్గించారు.

"నాలుక మీద మచ్చ ఉన్నవాళ్ళు ఏదంటే అది జరుగుతుందంటారు. మా అమ్మాయి ఇంటర్ తప్పిందమ్మా. ఈసారి పాసవుతుందని ఒక్క మాట అనవా?"

అప్పటిదాకా బెదిరిపోయి ఉన్న నేను గడ్డం పైకెత్తి, "పాసవుతుందండీ. ఫస్టుక్లాసులో," అన్నాను. పక్కన నానమ్మ అయితే ఆ మాటకి అంగుళం పొడుగు పెరిగింది.

ఆ అమ్మాయి పాసయిందో లేదో నాకీనాటికీ తెలియదు. ఇప్పుడు నా కింద ఓ జట్టు పనిచేస్తోంది. ఫలానా పని ఎప్పటికవుతుందని పైవాళ్ళడిగితే చూస్తామండీ, ప్రయత్నిస్తామండీ అని నసుగుతాను. మచ్చ ఉన్నచోటే ఉంది, పొద్దున్నే అద్దంలో చూసుకున్నాను. ముక్కూ మొహం తెలియని పిల్లకి ఫస్టుక్లాసు ఇచ్చేసిన ఆ పదిహేనేళ్ళ పిల్లని తలుచుకుంటే మాత్రం ఛాతీ ఉప్పొంగుతుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.