కాళ్లు కదిలితేనే వచ్చే మాటలు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అనంతపురంలో ధర్మవరం బస్సెక్కాను. నాటకమంటే నాకు పావుగంటలో నిద్రొస్తుంది, దాపరికమెందుకు. అయినా బయల్దేరాను. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు సొంతంగా నడుపుకునే నాటకాల హాలుకు అదే ఆఖరి ఆట అని విన్నాను. టికెట్టు పెట్టకుండా ఇన్నేళ్లు ఏం బావుకున్నారో చూడాలనిపించింది.

బత్తలపల్లెలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచి ఏదో గొణుగుతూ రెండు కాళ్లూ మార్చి మార్చి తొక్కుతోంది. నా చెప్పు రెండుసార్లు నలిగింది.

"తగుల్తాండాయా అన్నా? ఏం జేసేది, కాళ్లాడితేనే నాకు మాటలొచ్చేది" అంది.

పేరు రత్నమ్మ. ఆ రోజు నాటకంలో ముసలి రైతు వేషం ఆమెదే. బత్తలపల్లెలో ఉన్న అక్కను ఆటకు పిలిచి వస్తోంది. మాటల కాయితం మగ్గానికి ఎదురుగా అంటించుకుని, కాళ్లతో తొక్కుతూ, నేస్తూ, గట్టిగా చదువుతుందట.

"వీధంతా వింటాది. యాడన్నా మర్చిపోతే హాల్లో జనమే అందిస్తారు. మా ఆయన పోయినాంక యాడాది నోరు తెరవలేదన్నా నేను. ఈ నాటకాలే మాట్లాడిచ్చినాయి. హాలు పోతే మల్లా ఆ మగ్గం గుంతలో కూచోని గోడతో మాట్లాడుకోవాల్సిందే."

పదిన్నరకు దిగాను. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ కారానికి నాటకానికి ముందే కళ్లనీళ్లొచ్చాయి. ఆట మూడింటికి. వెళ్లేవాళ్లు చాప తీసుకెళ్లాలి, కుర్చీలు నాలుగే.

నేను హాలుకు చేరేసరికి అందులో ఒకదాంట్లో ఓబుల్‌రెడ్డి కూర్చున్నాడు. హాలున్న స్థలం ఆయనది. తండ్రి నాటకాలకు నోటిమాటగా ఇచ్చిపోయాడు, ఇప్పుడీయన అక్కడ చీరల అంగడి కడతానంటున్నాడు. ఆట అవగానే తాళం తీసుకోవడానికి వచ్చాడు. ఆయనకు బాగా కనబడాలని నాటకం నేర్పే అయ్యవారు ముందే అందరినీ హెచ్చరించాడు.

"ఈ పొద్దు ఎవురూ మాటలందీకండి. రత్నమ్మా, నువ్వు కాళ్లాడించాకు, పెద్దాయన నవ్వుతాడు."

తలపాగా చుట్టుకుని రత్నమ్మ వచ్చింది. నాటకంలో, విత్తనాలు అమ్ముకుని ఊరొదిలి పోదామనే కొడుకును ఆ రైతు ఆపాలి. గుంజలా నిలబడింది. "వాన రాకుంటే..." అంది. అంతే, మాట పడిపోయింది. హాలు నిండా జనం, అందరికీ ఆ మాట వచ్చు, ఒక్కరూ నోరు మెదపలేదు. బుద్ధి చెప్పిన ఆ అయ్యవారి మీద నాకు ఒళ్లు మండింది.

అప్పుడు కుర్చీలోంచి ఓబుల్‌రెడ్డి మెల్లగా అన్నాడు: "వాన రాకుంటే వానది తప్పు. విత్తకుంటే నీదిరా తప్పు."

రత్నమ్మ ఆయన వైపు చూసింది. కాళ్లు వాటంతటవే తొక్కడం మొదలుపెట్టాయి. అక్కణ్ణుంచి ఆట ఆగలేదు, నాకు నిద్రా రాలేదు.

అయ్యవారు తాళం పట్టుకుని ఎదురొస్తే, ఓబుల్‌రెడ్డి చెయ్యి చాపలేదు. "పనుండాది" అని బయటికి నడిచాడు. గేటు దగ్గర బస్సు వేళ అడుగుతున్న నన్ను చూసి, "అనంతపురమా? ఎక్కప్పా" అని కారు తలుపు తీశాడు.

కారు బత్తలపల్లె దాటింది. ఊరికి నాటకాల హాలెందుకని ఎవరైనా అడిగితే, యాడాది మూగబోయిన మనిషిని మాట్లాడించిందని చెబుదామనుకున్నాను. అది చాలదా? నా నోరు ఊరుకుంటుందా, ఆ మాట మీకెట్లా తెలుసని అడిగేశాను.

"ఆ యేషం మా నాయన కట్టినాడు. అద్దం ముందర నిలబడి అదే అంటాన్న్యాడు. ఇంట్లో ఆయన ఫోటోలుండాయి గానీ, గొంతు యాడా లేదు. నేనూ మర్చిపోయినా అనుకుంటి."

"మరి హాలు?"

ఆయన గేరు మార్చాడు.

"అంగడి యాడన్నా కట్టుకోవచ్చప్పా. మా నాయన ఇంక యాడ మాట్లాడతాడు?"